దత్తత గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా పాప ఇంటికొచ్చి ఆరేళ్లు దాటింది. అప్పటి నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి దత్తత గురించి అడుగుతూనే ఉన్నారు. తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు, ఒక్కోసారి రాత్రి పదకొండు దాటాక గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అడిగేవన్నీ దాదాపు ఒకటే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను లాయర్‌ను కాను, ఈ దారిలో నడిచిన తల్లిని. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు, సంతకం పెట్టే ముందు కారా (దేశంలో దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

ఐవీఎఫ్ చేయించుకుంటూనే దత్తతకు పేరు ఇచ్చి పెట్టుకోవచ్చా?

చట్టం అడ్డు చెప్పదు. చాలామంది అలాగే చేస్తారు, దత్తతకు ఎలాగూ మూడేళ్లు పడుతుంది కదా అని. నా మాట మాత్రం వేరు. ఐవీఎఫ్ ఫెయిలైన వారానికే కన్నీళ్లతో రిజిస్టర్ చేసుకోకండి. ఒక ఆశ పోయిన బాధ తీరకుండా ఇంకో బిడ్డను తెచ్చుకుంటే, ఆ బిడ్డ పుట్టని బిడ్డకు బదులుగా వచ్చినట్టవుతుంది. అది ఆ పసిదానికి మోయలేని బరువు. మేం నాలుగో సైకిల్ తర్వాత ఎనిమిది నెలలు ఏమీ చేయలేదు. తిన్నాం, తిరిగాం, పోట్లాడుకున్నాం. ఆ తర్వాతే ఫారం నింపాం.

సరోగసీ తేలిక కదా, డబ్బు పెడితే మన రక్తమే వస్తుంది కదా?

డబ్బు పెట్టి సరోగసీ చేయించుకోవడం 2021 చట్టంతో నేరమైంది. ఇప్పుడు అనుమతి ఉన్నది ప్రతిఫలం లేని సరోగసీకి మాత్రమే. గర్భం మోసే ఆమెకు వైద్య ఖర్చులు, బీమా తప్ప పైసా ఇవ్వకూడదు. ఆమె వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి, తనకంటూ ఒక బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఒప్పుకోవాలి. దంపతులకు వైద్య కారణం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.

ఎవరైనా "అన్నీ మేమే చూసుకుంటాం, ఇన్ని లక్షలు" అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2025లో హైదరాబాద్‌లో బయటపడ్డ ఒక ఫెర్టిలిటీ సెంటర్ కేసు గుర్తుండే ఉంటుంది. సరోగసీ బిడ్డ అని నమ్మి తెచ్చుకున్న దంపతులు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఇద్దరితోనూ కలవలేదు. పేదవాళ్ల దగ్గర కొన్న బిడ్డలను అలా అంటగట్టారని పోలీసులు చెప్పారు.

మాకు తెలిసిన నర్సు ఒక పాప ఉందంటోంది. తల్లి వద్దంటోందట. నేరుగా తెచ్చుకోవచ్చా?

వద్దు. ఈ ప్రశ్న అడిగేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి అలసిపోయినవాళ్లు. కానీ చట్టం దీన్ని పిల్లల అమ్మకం కిందే చూస్తుంది. పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రిలో ఆ బిడ్డ బాధ్యత ఉన్నవాళ్లే ఆ పని చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. డబ్బు చేతులు మారకపోయినా, పద్ధతి తప్పి అనాథ బిడ్డను దత్తతకు ఇచ్చినా పుచ్చుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

జైలు మాట అలా ఉంచండి. 2024లో మేడిపల్లి దగ్గర పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నప్పుడు, కొనుక్కున్న దంపతుల ఇళ్ల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి శిశు విహార్‌లో ఉంచారు. ఆ పిల్లలకు అప్పటికే వీళ్లే అమ్మానాన్న. టీవీలో ఆ ఏడుపులు చూసిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఆ నర్సుతో ఒకటే మాట చెప్పండి: "తల్లిని బాలల సంక్షేమ సమితి దగ్గరికి తీసుకెళ్లమ్మా, లేదా 1098కి ఫోన్ చెయ్యి." ఆ సమితి జిల్లాలో పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ కమిటీ, 1098 పిల్లల హెల్ప్‌లైన్.

మా చెల్లెలి బిడ్డను పెంచుకుందామనుకుంటున్నాం. ఇంట్లో వాళ్ల బిడ్డే కదా, దీనికీ ఇంత తతంగమా?

అంత ఉండదు, కానీ కాగితం తప్పనిసరిగా ఉండాలి. రెండు దారులున్నాయి.

హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద చేసుకోవచ్చు. కన్న తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుని బిడ్డను ఇవ్వాలి, మీరు పుచ్చుకోవాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే అసలు విషయం, దత్తహోమం తప్పనిసరి కాదు. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. అబ్బాయిని తీసుకోవాలంటే మీకు అప్పటికి కొడుకు గానీ మనవడు గానీ ఉండకూడదు. అమ్మాయికీ అదే లెక్క. తల్లి అబ్బాయిని గానీ, తండ్రి అమ్మాయిని గానీ తీసుకుంటే మధ్యలో 21 ఏళ్ల తేడా ఉండాలి. పత్రం రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్డ్ పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగా నమ్ముతుంది, కాదన్నవాడే నిరూపించుకోవాలి.

రెండోది కారా వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ కేరింగ్స్‌లో బంధువుల దత్తత. ఏ మతం వాళ్లయినా చేసుకోవచ్చు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ ఈ లెక్కలోకి వస్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా కలెక్టర్ ఉత్తర్వు వస్తుంది.

"మా చెల్లే కదా" అని నోటిమాట మీద వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు. బిడ్డ పదో తరగతికి వచ్చాక హాల్ టికెట్ మీద ఎవరి పేరు ఉండాలని మొదలై, చివరికి అక్కాచెల్లెళ్లకు మాటల్లేకుండా పోయాయి.

మాకు ఒక బాబు ఉన్నాడు. పాపను దత్తత ఇస్తారా?

ఇస్తారు. కారా పద్ధతిలో ఒక బిడ్డ ఉండటం అడ్డంకి కాదు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే మాత్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఎవరూ ముందుకు రాక మిగిలిపోయిన పిల్లలను మాత్రమే ఇస్తారు. మీ బాబుకు ఊహ తెలిసే వయసుంటే వాడితోనూ మాట్లాడండి. హోమ్ స్టడీకి, అంటే మీ ఇల్లూ కుటుంబం చూసి రిపోర్టు రాయడానికి, వచ్చినవాళ్లు వాడినీ అడుగుతారు.

నాకు 38 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు. ఒంటరి ఆడవాళ్లకు ఇస్తారా?

ఇస్తారు. ఒంటరి మహిళ అబ్బాయినైనా అమ్మాయినైనా తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు అబ్బాయినే ఇస్తారు. మీకేమైనా అయితే బిడ్డను చూసుకుంటామని ఒక బంధువు రాసివ్వాలి. చాలామందికి ఆ ఒక్క సంతకమే కష్టమైన పని. అన్నయ్య ఒప్పుకున్నా వదిన ఒప్పుకోదు, వదిన ఒప్పుకున్నా అమ్మ "పెళ్లెవరు చేసుకుంటారు నిన్ను" అంటుంది. ముందు ఆ సంతకం పెట్టే మనిషి ఎవరో తేల్చుకోండి, మిగతావి వాటంతట అవే నడుస్తాయి.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటలు, స్వలింగ జంటలు ఇద్దరి పేర్ల మీద ఉమ్మడిగా దత్తత తీసుకోలేరు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఆ నిబంధనను అలాగే ఉంచింది.

మావారికి 46, నాకు 41. వయసు దాటిపోయిందా?

పసిబిడ్డకు దాటిపోయింది, దత్తతకు కాదు. దంపతులిద్దరి వయసూ కలిపి చూస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకు ఇద్దరి మొత్తం 85 దాటకూడదు. 2 నుంచి 4 ఏళ్ల బిడ్డకు 90, 4 నుంచి 8కి 100, 8 నుంచి 18కి 110. ఒంటరివాళ్లకు ఇదే వరసలో 40, 45, 50, 55. మీ మొత్తం 87 కాబట్టి రెండేళ్లు దాటిన బిడ్డకు మీకు అర్హత ఉంది. బిడ్డకూ మీ ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. లెక్క చూసేది రిజిస్టర్ చేసుకున్న రోజున్న వయసును, కాబట్టి వచ్చే ఉగాదికి చూద్దామని వాయిదా వేయకండి. దంపతులైతే పెళ్లయి రెండేళ్లు సజావుగా కాపురం చేసి ఉండాలన్న షరతు కూడా ఉంది.

అద్దె ఇంట్లో ఉంటాం, నెలకు 35 వేలు వస్తాయి. మాకు ఇస్తారా?

సొంత ఇల్లు ఉండాలని ఎక్కడా లేదు, ఇంత జీతం ఉండాలని కూడా లేదు. బిడ్డను పోషించే స్థోమత ఉందా, అప్పులు మెడదాకా ఉన్నాయా అన్నది చూస్తారు. నాకు తెలిసిన ఒక ఆటో డ్రైవర్ దంపతులకు బాబు వచ్చాడు. మూడు అంతస్తుల ఇల్లున్నా భార్యాభర్తలకు ఒకరి మాట ఒకరికి పడకపోతే కష్టం.

మేం ముస్లింలం. మాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వాళ్లయినా దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో షబ్నం హష్మీ కేసులో స్పష్టంగా చెప్పింది. క్రైస్తవులకూ ఇదే దారి. జువెనైల్ జస్టిస్ చట్టంలో ఈ వీలు రాకముందు వీళ్లు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవాళ్లు. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ విశ్వాసం.

మేం డల్లాస్‌లో ఉంటాం. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అన్నయ్య బిడ్డను దత్తత తీసుకుని వెంట తీసుకెళ్లొచ్చా?

ఊళ్లో దత్తత పత్రం రాయించుకుని, ఫోటోలు దిగినంత మాత్రాన బిడ్డకు వీసా రాదు. విదేశాల్లో ఉండేవాళ్ల దత్తతలకు హేగ్ ఒప్పందం ఉంది, భారతదేశం 2003లో దాన్ని ఆమోదించింది. కారా నుంచి నిరభ్యంతర పత్రం, మీరుండే దేశం అనుమతి రెండూ కావాలి. అక్కడ కారా గుర్తించిన ఏజెన్సీ ద్వారానే హోమ్ స్టడీ జరగాలి. మీరు అక్కడి పౌరులా, వీసా మీద ఉన్నారా అన్నదాన్ని బట్టి దారి పూర్తిగా మారిపోతుంది. ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి, తర్వాతే అన్నయ్యతో మాట ఎత్తండి. ఒకసారి మాట అనేశాక అమెరికా వెళ్తున్నానని ఆ బిడ్డ బడి అంతా చెప్పేస్తుంది.

అనాథ బిడ్డను తీసుకోవాలనుకునే ప్రవాస భారతీయులకు మాత్రం ఇక్కడివాళ్లతో సమానంగానే వరస ఉంటుంది.

## పేరు నమోదు

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ ఆఫీసుకు వెళ్లాలి?

ఏ ఆఫీసుకూ వెళ్లక్కర్లేదు. కారా వాళ్ల కేరింగ్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే నమోదు. కంప్యూటర్ రాకపోతే మీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సాయం చేస్తారు. అనాథాశ్రమానికి వెళ్లి పిల్లల్ని చూసి "ఈ పాపను ఇవ్వండి" అనే పద్ధతి లేదు. అలా చూపించేవాళ్లుంటే వాళ్లనే అనుమానించాలి.

ఏయే కాగితాలు కావాలి?

కుటుంబం ఫోటో, పాన్, పుట్టినతేదీ రుజువు, చిరునామా రుజువు, కిందటి ఏడాది ఆదాయం రుజువు, పెళ్లి సర్టిఫికెట్, ప్రాణాంతక జబ్బులు లేవని డాక్టర్ సర్టిఫికెట్, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి నుంచి రెఫరెన్స్ లెటర్లు. విడాకులైతే డిక్రీ, భర్త లేదా భార్య చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం. నమోదు చేసుకున్న 30 రోజుల్లో అప్‌లోడ్ చేయాలి. చాలామంది ఆగిపోయేది పెళ్లి సర్టిఫికెట్ దగ్గరే. మా అప్పటి పెళ్లిళ్లకు శుభలేఖ, ఆల్బమ్ తప్ప ఏముంది? ముందే రిజిస్టర్ చేయించుకోండి.

హోమ్ స్టడీకి వస్తారంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూస్తారు?

ఒక సోషల్ వర్కర్ వస్తారు. ఇల్లు ఎంత మెరుస్తోందని కాదు, ఇంట్లో మనుషులు ఎలా ఉన్నారని చూస్తారు. దత్తత ఎందుకనుకుంటున్నారు, ఎవరు ముందు అన్నారు, ఎవరు వెనకాడారు, పిల్లలు పుట్టకపోవడం గురించి ఇద్దరూ ఎంత తెరిచి మాట్లాడుకుంటారు, మీరు ఉద్యోగానికి వెళ్తే బిడ్డను ఎవరు చూస్తారు వంటివి అడుగుతారు. మా అత్తగారిని పక్కకు పిలిచి అడిగారు. ఆవిడ "నాకు ఇష్టం లేదమ్మా, కానీ వీళ్లు వినరు" అన్నారు. మా పని అయిపోయిందనుకున్నాం. రిపోర్టులో ఆ మాట ఉన్నట్టే రాశారు, మాకు అర్హత కూడా ఇచ్చారు. అబద్ధం ఆడని ఇల్లుగా కనిపించామేమో. హోమ్ స్టడీ రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది.

మొత్తం ఖర్చు ఎంత?

2022 నిబంధనల ప్రకారం హోమ్ స్టడీకి 6 వేలు, బిడ్డను తీసుకునేటప్పుడు శిశు సంరక్షణ నిధికి 50 వేలు, తర్వాత ఇంటికొచ్చి చూసి వెళ్లే ఒక్కో విజిట్‌కు 2 వేలు. విజిట్లు ఆరు నెలలకొకటి చొప్పున రెండేళ్లలో నాలుగు. డొనేషన్, ఆయాలకు చీరలు, ఫైలు కదలడానికి కవరు, ఇవేవీ లేవు. ఎవరైనా అడిగితే కారాకు ఫిర్యాదు చేయండి.

## ఎదురుచూసే కాలం

అనాథాశ్రమాల నిండా పిల్లలుంటారు కదా, మూడేళ్లు ఎందుకు పడుతుంది?

అందరికంటే ఎక్కువ కోపంగా అడిగే ప్రశ్న ఇదే. నేనూ అడిగాను. విషయమేమిటంటే, హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికం వల్ల, రోగం వల్ల, ఇంట్లో తాగుడు వల్ల అక్కడ చేర్చారు. దసరా సెలవులకు ఇంటికెళ్లి వస్తారు. వాళ్లను దత్తత ఇవ్వడానికి వీల్లేదు. బాలల సంక్షేమ సమితి "ఈ బిడ్డకు ఎవరూ లేరు, దత్తతకు స్వేచ్ఛ ఉంది" అని ప్రకటించాలి. దొరికిన బిడ్డ రెండేళ్ల లోపైతే కన్నవాళ్ల కోసం వెతకడానికి రెండు నెలలు, అంతకంటే పెద్దయితే నాలుగు నెలలు గడువు.

అలా ప్రకటించిన పిల్లలు కొద్దిమందే. 2024-25లో దేశం మొత్తం మీద కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. అంతకుముందు పదేళ్లకు పైగా అంత ఎక్కువ ఎప్పుడూ లేవు. వరసలో నిలబడ్డ దంపతులు ముప్పై వేలకు పైనే. అందరూ అడిగేది రెండేళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డను. ఆరేళ్ల అబ్బాయిని అడిగేవాళ్లు తక్కువ, చూపు సరిగా లేని పాపను అడిగేవాళ్లు ఇంకా తక్కువ. మీ ఫారంలో పెట్టిన వయసును ఒక్కసారి మళ్లీ చూసుకోండి. నాలుగేళ్ల బిడ్డ కూడా ఒళ్లో పడుకుంటుంది.

మా కులం పిల్లనే అడగొచ్చా?

అడగడానికి ఫారంలో గడే లేదు. వయసు, ఆడా మగా, ఆరోగ్య స్థితి వంటివి చెప్పొచ్చు, అంతే. ఈ ప్రశ్న మీకు ముఖ్యమైతే ఇంకొన్నాళ్లు ఆగండి అనే చెప్తాను. మొహమాటానికి వేరేగా చెప్పలేను.

దత్తత కాకుండా ముందు కొన్నాళ్లు పెంచి చూసే పద్ధతి ఉందటగా?

ఉంది, దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. కానీ "పెంచి చూసే" పద్ధతి అనకండి. ఇంట్లో ఉండలేని, దత్తతకూ వెళ్లని పిల్లలకు కుటుంబం ఇచ్చే ఏర్పాటు అది. 2024 మార్గదర్శకాలు వచ్చాక ఆరేళ్లు దాటిన పిల్లలను ఒంటరివాళ్లు కూడా ఇలా పెంచవచ్చు. రెండేళ్లు పెంచాక, ఆ బిడ్డకు దత్తత స్వేచ్ఛ ఉంటే మీరే దత్తత తీసుకోవచ్చు, ఇంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. ఈలోగా కన్న కుటుంబం కోలుకుంటే బిడ్డ తిరిగి వెళ్లిపోవచ్చు. అది భరించగలరా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలి.

## కబురు వచ్చాక

రిఫరల్ వచ్చింది. 48 గంటల్లో ఎలా నిర్ణయించుకోవాలి?

రిఫరల్ అంటే మీ వరస వచ్చాక ఒక బిడ్డ వివరాలు మీకు చూపించడం. బిడ్డ ఫోటో, బిడ్డ గురించిన రిపోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. మాకు ఆ మెసేజ్ తెనాలిలో పెళ్లి భోజనాల దగ్గర వచ్చింది. చేతికి పప్పు అంటుకునే ఉంది, ఆయన ఫోను తెరిచి నాకు చూపించారు.

ముందుగానే ఒక పిల్లల డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి: "ఎప్పుడైనా రిపోర్టు పంపితే చూసి చెప్తారా?" అని. రిపోర్టులో బరువు, తల చుట్టుకొలత, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ పరీక్షలు ముఖ్యంగా చూడాలి. సంస్థల్లో పెరిగిన పిల్లలు బరువు తక్కువగా, నడక మాట కాస్త ఆలస్యంగా ఉండటం మామూలు. మా పాప పద్నాలుగు నెలలకు ఏడు కిలోలుంది.

ఫోటోను మాత్రం మర్చిపోండి. గుండు చేసి, పెద్ద సైజు గౌను వేసి, ఫ్లాష్ కొట్టి తీస్తారు. ఏ బిడ్డా అందులో అందంగా ఉండదు. "నల్లగా ఉంది" అని వదిలేసినవాళ్లు కూడా నాకు తెలుసు.

వెళ్లి చూశాక వద్దనిపిస్తే?

వద్దనవచ్చు. రిజర్వ్ చేసుకున్నాక వెళ్లి కలవడానికి, ఒప్పుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మీ డాక్టర్‌ను వెంట తీసుకెళ్లొచ్చు. మొత్తం మూడు రిఫరల్స్ దాకా వస్తాయి. మొదటిసారి చూడగానే ప్రేమ పొంగలేదని మాత్రం వద్దనకండి. నాకు పొంగలేదు. భయమేసింది. పాప నన్ను చూసి ఏడ్చి ఆయా భుజం మీద మొహం దాచుకుంది, నేను కారిడార్లో కూర్చుని ఏడ్చాను. మూడో రోజు నా చేతి గాజులు లాగింది.

ఒప్పుకున్నాక ఎన్నాళ్లకు ఇంటికి పంపుతారు?

ఒప్పుకున్న పది రోజుల్లో దత్తత ముందు సంరక్షణ కింద ఇంటికి తెచ్చుకోవచ్చు. ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. గడువు రెండు నెలలు.

## ఇల్లు చేరాక

పాప రాత్రంతా ఏడుస్తోంది, నా దగ్గరికి రావట్లేదు. ఏదైనా తప్పు చేస్తున్నామా?

లేదు. మీకు పండగ, ఆ బిడ్డకు ఎడబాటు. తెలిసిన ఆయా, తెలిసిన మంచం, పక్క ఉయ్యాల్లో పిల్లల చప్పుడు, ఫినాయిల్ వాసన, అన్నీ ఒక్కరోజులో పోయాయి. కొంతమంది పిల్లలు ఏడవరు, బొమ్మలా కూర్చుంటారు. "ఎంత మంచి పిల్లో" అని మురిసిపోకండి, వాళ్లను ఇంకా ఎక్కువ ఎత్తుకోవాలి.

వచ్చేటప్పుడు అక్కడ కప్పుకున్న దుప్పటి అడిగి తెచ్చుకోండి, ఉతకకండి. మొదటి నెల అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం అమ్మానాన్నే చేయాలి. చుట్టాలను ఆపడం మన ఇళ్లలో అసలు కష్టం. మా ఇంటికి మొదటి ఆదివారం ఇరవై రెండు మంది వచ్చారు. పాపకు ఆ రాత్రి జ్వరం. తర్వాత మావారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కాఫీలు ఇచ్చి పంపేశారు. ఇప్పటికీ ఒక పెదనాన్న మాతో మాట్లాడరు.

కాస్త పెద్ద పిల్లలు బిస్కెట్లు దిండు కింద దాచుకుంటారు. తిట్టకండి. అందేంత ఎత్తులో ఒక డబ్బా పెట్టి, "ఇది నీదే, ఎప్పుడూ ఖాళీ అవదు" అని నింపుతూ ఉండండి. ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చిన బిడ్డయితే నీళ్లు, అన్నం, ఒంటికి, నొప్పి అనే నాలుగు మాటలు వాళ్ల భాషలో నేర్చుకోండి. తెలుగు వాళ్లకు మూడు నెలల్లో వచ్చేస్తుంది.

ప్రసూతి సెలవు దొరుకుతుందా?

2017లో సవరించిన చట్టం దత్తత తల్లికి 12 వారాల సెలవు ఇచ్చింది, కానీ బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాలని షరతు పెట్టింది. కన్నవాళ్లను వెతకడానికే రెండు నెలలు పట్టే దేశంలో మూడు నెలల లోపు బిడ్డ ఎవరికి దొరుకుతుంది? ఆ షరతు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, కాబట్టి ఇప్పుడు నిబంధన ఎలా ఉందో హెచ్ఆర్ దగ్గరికి వెళ్లే ముందు చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఏడాది లోపు బిడ్డయితే 180 రోజులు, తండ్రికి 15 రోజులు ఉన్నాయి. కొన్ని ప్రైవేటు కంపెనీలు సొంతంగా ఇస్తాయి, అడగనిదే చెప్పవు.

జనన ధ్రువపత్రంలో ఎవరి పేర్లు ఉంటాయి?

మీ పేర్లే. కలెక్టర్ ఉత్తర్వు చూపిస్తే కొత్త సర్టిఫికెట్ ఇస్తారు. అందులో దత్తత అనే మాట ఉండదు. ఆధార్, పాస్‌పోర్ట్, స్కూలు అడ్మిషన్ అన్నిటికీ అదే చాలు. ఉత్తర్వును మాత్రం లామినేషన్ చేయించకండి, ధ్రువీకరించిన కాపీలు నాలుగు తీసి పెట్టుకోండి.

మా ఆస్తిలో వాటా ఉంటుందా? రేపు అన్నదమ్ములు కాదంటే?

ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డ. వారసత్వంలో తేడా లేదు. కన్న కుటుంబంతో చట్టపరమైన బంధం తెగిపోతుంది, అప్పటికే తన పేరున వచ్చిన ఆస్తి ఏదైనా ఉంటే అది తనకే ఉంటుంది. మీ స్వార్జితం ఎవరికి రాయాలన్నది మీ ఇష్టమే. అన్నదమ్ముల మీద అనుమానం ఉంటే వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి, వాళ్లతో వాదించడం కన్నా చవక.

## చెప్పడం, అడగడం

దత్తత అని బిడ్డకు ఎప్పుడు చెప్పాలి?

తెచ్చుకున్న రోజు నుంచే. అర్థం కాని వయసులోనే ఆ మాట ఇంట్లో మామూలుగా వినిపిస్తుంటే, చెప్పాల్సిన పెద్ద రోజంటూ ఒకటి రాదు. మేం పడుకునేటప్పుడు కథలా చెప్పేవాళ్లం: "నువ్వు వేరే అమ్మ పొట్టలో పెరిగావు, తర్వాత శిశుగృహలో ఉన్నావు, మేం పల్నాడు బస్సెక్కి వచ్చాం." నాలుగేళ్లకు ఆ కథ తనే మాకు చెప్పేది, మధ్యలో బస్సు పంక్చరైందని కల్పించి.

దాస్తే దాగదు. పక్కింటావిడో, పెళ్లిలో తాగిన చుట్టమో, ఎవరో ఒకరు చెప్తారు. పద్దెనిమిదేళ్లకు అలా తెలిసిన ఒక అబ్బాయితో మాట్లాడాను. దత్తత గురించి అతనికి బాధ లేదు. "ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప" అన్నాడు.

"ఎవరి కన్న బిడ్డో" అని మా అత్తగారు అంటూనే ఉన్నారు. ఏం చేయాలి?

బిడ్డ ముందు అననివ్వకండి, అది ఒక్కటి గీత గీసి చెప్పండి. చెప్పాల్సింది కోడలు కాదు, ఆవిడ కొడుకు. మిగతాది కాలానికి వదిలేయండి. మా అత్తగారు ఏడాదిన్నర పాపను ఎత్తుకోలేదు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ మామిడికాయ ముక్కలు కోసుకుని ఉప్పూ కారం నంజుకుంటున్నారు. నేనేమీ అనలేదు, ఆవిడా ఏమీ అనలేదు.

పొగిడేవాళ్ల సంగతి కూడా ఉంది. "యశోదమ్మవి తల్లీ", "ఎంత పుణ్యం చేసుకున్నారో". ఆ మాట వింటూ పెరిగే బిడ్డకు తను ఎవరి పుణ్యానికో మిగిలిన దాన్నని అనిపిస్తుంది. "పుణ్యం కాదండీ, మాకు పిల్లలు కావాలి, అందుకే" అని అక్కడికక్కడే చెప్పేస్తాను.

గోత్రం, నామకరణం, పెళ్లిలో కన్యాదానం వీటి సంగతి?

దత్తత అయ్యాక మీ గోత్రమే, మీ ఇంటిపేరే. మా పురోహితుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగేవాళ్లు దొరికితే వేరే పురోహితుణ్ని పిలుచుకోండి.

కన్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి బిడ్డను ఇమ్మంటారా?

చట్టప్రకారం జరిగిన దత్తతలో అడిగే హక్కు లేదు. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఇస్తారు, అది గడిచాకే బిడ్డ దత్తతకు వస్తుంది. మీ చిరునామా వాళ్లకు చెప్పరు, వాళ్లది మీకు చెప్పరు. ఈ భయం నిజంగా ఉండాల్సింది చాటుమాటుగా తెచ్చుకున్నవాళ్లకే.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి పెళ్లి కాకుండా గర్భం వచ్చింది. బిడ్డను పెంచలేనంటోంది. ఎక్కడికి పంపాలి?

బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. అది నేరం కాదు, ఎవరూ కేసు పెట్టరు. పెళ్లి కాని తల్లి ఒక్కతే సంతకం పెడితే చాలు, పేరు బయటికి రాదు. ముందు ఆమెకు కౌన్సెలింగ్ ఇస్తారు, బలవంతం ఉందేమో కనుక్కుంటారు. 1098కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఆసుపత్రికి తోడు వెళ్లండి, ఆ తర్వాత కూడా ఆమెను పనిలోంచి తీసేయకండి.

పెద్దయ్యాక కన్నవాళ్లను వెతుకుతానంటే?

వెతకనివ్వండి. పద్దెనిమిదేళ్లు నిండాక తనే స్వయంగా కారాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకుముందైతే మీతో కలిసి. ఫైల్లో ఉన్న వివరాలు చెప్తారు, కానీ కన్నతల్లి తన గుట్టు దాచమని కోరి ఉంటే ఆమె ఎవరో చెప్పరు. దొరికిన బిడ్డలకు చాలాసార్లు ఫలానా చోట, ఫలానా తేదీన దొరికిందన్న ఒక్క లైనే ఉంటుంది.

అందుకే ఇచ్చిన ప్రతి కాగితం, ఆసుపత్రి చీటీ, మొదటిరోజు వేసుకున్న గౌను దాచి పెట్టండి. మా పాపది నీలం గౌను, రెండు గుండీలు లేవు. ఇప్పుడు బీరువాలో పైఅరలో ఉంది. అప్పుడప్పుడూ తనే స్టూలు వేసుకుని తీసి, తన బొమ్మకు తొడిగి, మళ్లీ మడిచి పెడుతుంది.